నలభై నాలుగేళ్ల వయసులో బృందగానంలో చేరొచ్చా? నా గొంతు మీద నాకు నమ్మకం లేదు

నయీంనగర్ మందుల షాపు:

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. నయీంనగర్‌లో మా ఆయన, నేను కలిసి మందుల షాపు నడుపుతున్నాం. పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి పదింటికి దించుతాం. పాప ఈ ఏడే బీటెక్ కోసం హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లింది. బాబు ఇంటర్ చదువుతున్నాడు.

పోయిన వారం మా వెనక వీధి కమ్యూనిటీ హాలు గోడ మీద ఒక కాగితం చూశాను. "బృందగానం. ప్రతి శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. పెద్దవాళ్లకు. సంగీతం వచ్చి ఉండక్కర్లేదు" అని చేత్తో రాసి అంటించారు. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. రోజుకు నాలుగైదు సార్లు ఆ ఫోటో తెరిచి చూసుకుంటున్నాను. వెళ్లాలని చాలా ఉంది. అడుగు పడటం లేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆగస్టు పదిహేనుకు మా క్లాసు అమ్మాయిలతో పాట పాడిస్తున్నారు. నేర్పే టీచర్ వరస వెంట నడుస్తూ నా దగ్గర ఆగి, చెవి పెట్టి విని, "నువ్వు పెదవులు ఆడించు చాలు, గొంతు రానివ్వకు" అన్నారు. జెండా ఎగిరిన రోజు అలాగే చేశాను. ముప్పై ఏళ్లు దాటింది. వంట చేస్తూ కూడా పాడను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు జోలపాట కూడా గొణిగినట్టే పాడాను.

బతుకమ్మ దగ్గర మాత్రం పాడతాను. అక్కడ ఎవరో ఒక పెద్దమ్మ ఎత్తుకుంటుంది, మేమంతా అందుకుంటాం. అంతమందిలో, చప్పట్లలో నా గొంతు నాకే వినపడదు కాబట్టి భయం వేయదు.

మా ఆయన వద్దనడు. కానీ "కోయర్ అంటే ఫారిన్ వాళ్ల అలవాటు, మనకెందుకు" అన్నాడు. పెద్దయ్యాక ఇలా చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? శ్రుతి పట్టడం రానివాళ్లను వాళ్లు ఏం చేస్తారు? ఒక్కళ్లనే నిలబెట్టి పాడమంటారా? అదే నా పెద్ద టెన్షన్.

సోమిడి లోకో పైలట్ (రిటైర్డ్):

అమ్మా, మీ పోస్టు పొద్దున చదివాను. ఏం రాయాలా అని సాయంత్రం దాకా ఆలోచించాను. ఆ శనివారం వెళ్లండి. ఎందుకు వెళ్లమంటున్నానో నా సంగతి చెప్తేనే తెలుస్తుంది. కాస్త పొడుగైనా ఓపికతో చదవండి.

నేను 1982లో డీజిల్ అసిస్టెంట్‌గా చేరి 2016లో లోకో పైలట్‌గా రిటైరయ్యాను. ఎక్కువ కాలం గూడ్స్ బండ్లే. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్హార్షా దాకా. ఖాళీ వ్యాగన్లతో పోవడం, బొగ్గుతో రావడం. ఆ ముప్పై నాలుగేళ్లలో నేను గొంతెత్తి అన్న మాటలంటే సిగ్నల్ మాటలే. ఇంజిన్‌లో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనపడగానే ఒకరు దాన్ని పైకి అనాలి, రెండో మనిషి తన కళ్లతో చూసి అదే మాట తిరిగి అనాలి. "డబల్ ఎల్లో" అంటే "డబల్ ఎల్లో". ఇంజిన్ చప్పుడు దాటి వినపడాలంటే కడుపులోంచి రావాలి. పాట అనేది నా జీవితంలో లేదు. రేడియోలో వచ్చేది, అంతే.

రిటైరయ్యాక రాత్రి రెండింటికి, మూడింటికి మెలకువ వచ్చేది. డ్యూటీకి పిలుపు వచ్చే వేళలకు అలవాటు పడిన ఒళ్లు. లేచి వరండాలో కూర్చుంటే దూరంగా యార్డులో బండ్ల కూతలు వినపడేవి. మనిషితో మాట్లాడాలనిపించేది కాదు. మా ఇంటావిడ భయపడింది. నాతోపాటు బండ్ల మీద తిరిగిన ఒక గార్డు, ఆయనా రిటైరయ్యాడు, 2017లో ఒక శనివారం నన్ను స్కూటర్ మీద నక్కలగుట్ట తీసుకెళ్లాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. పాటకని చెప్తే నేను రానని ఆయనకు తెలుసు.

అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు. మిర్చి బజ్జీల బండి పెట్టుకునే ఆమె, కాలేజీ లెక్చరర్, బట్టలు కుట్టే అన్న, ఇద్దరు నర్సులు. నేర్పేది హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరైన మేడమ్. రెండు వారాలు వెనక నిలబడి మీలాగే పెదవులు ఆడించాను. మూడో వారం అందరూ వెళ్లేదాకా ఆగి, మేడమ్ నా దగ్గరకొచ్చి "అన్నా, ఇంజిన్‌లో గట్టిగా ఏం అనేవారు? ఒకసారి అనండి" అన్నారు. సిగ్గుపడుతూనే "డబల్ ఎల్లో" అన్నాను. "అలా కాదు, బండి నడుస్తోందనుకుని అనండి." అన్నాను. ఆమె హార్మోనియం మీద వెతికి ఒక మెట్టు నొక్కి పట్టారు. "మళ్లీ అనండి." అన్నాను. నా గొంతు, ఆ మెట్టు ఒకటే. "ఇదే మీ షడ్జమం, మీ 'స'. శ్రుతి ఒకటిన్నర. ముప్పై నాలుగేళ్లుగా ఈ స్వరం మీదే అంటున్నారు" అన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రి మా ఇంటావిడకు ఈ మాట చెప్పబోయి చెప్పలేకపోయాను, కళ్లలో నీళ్లు వచ్చాయి.

మీరు అడిగిన శ్రుతి సంగతి. 'స' ఏ హార్మోనియం మెట్టు మీద ఉందో దాన్ని బట్టి శ్రుతికి అంకె చెప్తారు. మగవాళ్లకు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయి. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర. అందరూ ఒకే శ్రుతిలో మొదటి నుంచి చివరిదాకా పాడితే ఎవరో ఒకరికి గొంతు పిసికినట్టు ఉంటుంది. బతుకమ్మ దగ్గర మీరు గమనించే ఉంటారు. ఎత్తుకున్నామె పైస్థాయిలో మొదలుపెడితే రెండో పాదానికల్లా సగం మంది కిందికి దిగిపోతారు. ఎవరికీ తెలియకుండానే సర్దుకుంటారు. బృందగానంలో ఆ సర్దుబాటు ముందే ఆలోచించి చేస్తారు. పై వరసలు ఆడవాళ్లకు ఇచ్చి, కింది వరసలు మాకు ఇస్తారు. కొన్ని చోట్ల ఆడవాళ్ల పాట కదులుతూ ఉంటే మేము 'స', 'ప' మాత్రమే పట్టుకుని నిలబడతాం, తంబూరాలాగా.

ఆ నిలబడటంలో ఉన్న ఆనందం చెప్పాలి. మిమ్మల్ని చేరమని అడుగుతున్నది అందుకేనమ్మా.

మా ఆల్కో డీజిల్ ఇంజిన్లు రెండు జోడించి బరువు బండి లాగేటప్పుడు, రెండూ ఒకే నాచ్‌లో, అంటే జోరు పెంచే ఒకే మెట్టులో ఉన్నా, ఒకదాని వేగం ఇంకోదానికంటే పిసరంత తేడాగా ఉంటుంది. అప్పుడు చప్పుడు ఒక్కలాగా రాదు. వూం... వూం... అని లేస్తూ పడుతూ వస్తుంది. ఆ తేడా తగ్గే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలిసిపోతే ఆగిపోతుంది. గొంతులూ అంతే. నా పక్కన గార్డు గారు, నేను ఇద్దరం 'ప' పట్టుకున్నామనుకోండి. దగ్గరగా ఉండి కలవకపోతే మా మధ్య గాలిలో ఒక వణుకు వినపడుతుంది. ఆయన కదలడు, నేను గొంతును వెంట్రుకవాసి పైకి జరుపుతాను. వణుకు నెమ్మదిస్తుంది. ఇంకొంచెం. ఆగిపోతుంది. ఆ క్షణంలో ఇద్దరి గొంతుల్లో ఏది నాదో నాకే తెలియదు. ఛాతీ ఎముకలో మోగుతుంది. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు, ప్రతిసారీ మొదటిసారిలాగే ఉంటుంది.

ఊపిరి సంగతి కూడా మీకు ధైర్యం ఇస్తుంది. ఒక్కరే పాడితే ఊపిరి అయిపోతే పాట ఆగినట్టే. ఇక్కడ అలా కాదు. పొడుగు స్వరం వస్తే మేడమ్ చెప్పేది ఒకటే, "పక్కవాళ్లు తీసుకునే చోట మీరు తీసుకోకండి." మీకు అవసరమైనప్పుడు మెల్లగా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మెల్లగా కలవండి. వినేవాళ్లకు పాట ఎక్కడా తెగదు. మీరు ఆగినంతసేపూ మిగతావాళ్లు మీ వంతు మోస్తారు. తర్వాత వాళ్లది మీరు మోస్తారు. గొంతు నొప్పిగా ఉన్న రోజు, మనసు బాగోలేని రోజు కూడా వెళ్లి వరసలో నిలబడి నాలుగు పాదాలకు ఒక పాదం పాడి వచ్చినా చాలు. నేను అలా ఎన్నో శనివారాలు గడిపాను.

ఒక్కళ్లనే నిలబెట్టి పాడమంటారా అని అడిగారు. మా దగ్గర ఎప్పుడూ అడగరు. గొంతు ఏ స్థాయిదో తెలుసుకోవాలంటే నలుగురైదుగురిని కలిపి పాడించి మేడమ్ నడుస్తూ వింటారు. మీరు వెళ్లే చోట ఎలాగో ఆ కాగితం అంటించినవాళ్లను ముందే అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఫారిన్ అలవాటు అన్నారట మీ ఆయన. ఆయనతో నేను గొడవ పడటం లేదు. నాలుగు స్థాయిల్లో విడదీసి కాగితం మీద రాసుకుని పాడే పద్ధతి పడమటి నుంచి వచ్చిందే. కానీ సినిమా సంగీత దర్శకుడు సలీల్ చౌదరి బొంబాయి యూత్ కోయర్ పెట్టింది 1958లో. మద్రాసులో ఇంకో సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయర్‌ను నడిపి మన దేశపు భాషలెన్నింటిలోనో పాడించారు. మా మేడమ్ 80ల్లో ఎన్‌సీఈఆర్‌టీ (స్కూలు పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) టీచర్లకు పెట్టిన సామూహిక గానం శిబిరంలో నేర్చుకున్నారు, ఆ పాటలే మాకూ నేర్పుతారు. ఇక మన ఊళ్ల సంగతి మీ ఆయనకు నేను చెప్పాలా? మా చిన్నప్పుడు శనివారం రాత్రి హనుమాన్ గుడి ముందు భజన కూర్చునేది. హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు, మిగతావాళ్ల చేతుల్లో తాళాలు. పగలంతా నాగలి పట్టినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు. ఒకరు ఎత్తుకుంటే ఇరవైమంది అందుకునేవాళ్లు. చిరుతల రామాయణం నేర్చుకోవడానికి నెలల తరబడి రాత్రిళ్లు కూర్చునేవాళ్లు. వాళ్లలో సంగీతం చదివినవాళ్లు ఎవరున్నారు?

ఒక చేదు అనుభవం కూడా చెప్తాను, ఉపయోగపడుతుందని. సెప్టెంబర్ 9న, కాళోజీ గారి పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం కదా, ఒక స్కూల్లో పాడటానికి వెళ్లాం. స్టేజి మీద ఆరు మైకులు దూరం దూరంగా పెట్టారు. మమ్మల్నీ దూరం దూరంగా నిలబెట్టారు. మొదటి పాదంలోనే పాట విరిగిపోయింది. ఒకరిది ఒకరికి వినపడలేదు. మేడమ్ చెయ్యెత్తి ఆపారు. పిల్లలందరి ముందు, పెద్దల ముందు ఆపారు. మైకులు పక్కకు జరిపించి మమ్మల్ని భుజాలు తగిలేలా అర్ధచంద్రంలా నిలబెట్టి, శ్రుతి ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టించారు. రెండోసారి పాట నిలబడింది. వెనక బెంచీల దాకా వినపడిందని తర్వాత చెప్పారు.

ఇంకొక్కటి. నాకు ఎడమ చెవి మందం. లోకో పైలట్‌గా ఏళ్ల తరబడి ఎడమ కిటికీ పక్కనే కూర్చున్నాను కదా. అందుకని బృందంలో ఎప్పుడూ ఎడమ చివర నిలబడతాను. నా కుడిచెవి వైపు అందరూ ఉంటారు. మీకు ఏ చెవి బాగా వినపడుతుందో చూసుకుని మీ చోటు ఎంచుకోండి. పాడటంలో సగం వినడమే.

ఫాతిమానగర్ ఆల్టో:

అక్కా, నేను కాజీపేటలో మా చర్చి కోయర్‌లో పద్దెనిమిదేళ్లుగా పాడుతున్నాను. చేరినప్పుడు నాకు ముప్పై మూడు. అప్పుడు సోప్రానోలో పెట్టారు, అంటే పాట అసలు బాణీ పాడే పై గొంతులు. నలభై ఐదు దాటాక పై స్వరాలు అందడం తగ్గింది. నా పని అయిపోయిందని బాధపడ్డాను. కోయర్ నడిపే అన్న "కింద స్వరాలు ఎంత నిండుగా వస్తున్నాయో విన్నావా చెల్లె?" అని ఆల్టోకు, అంటే ఆడవాళ్ల కింది గొంతులకు మార్చాడు. ఆ వయసులో ఆడవాళ్ల గొంతు కొంచెం దిగడం మామూలేనట. మీది నలభై నాలుగు కాబట్టి ముందే చెప్తున్నాను, అలా అయితే భయపడకండి.

ఆల్టో వాళ్లకు బాణీ ఉండదు. మూడు నాలుగు స్వరాల మధ్యే తిరుగుతాం. నేను ఇంట్లో గిన్నెలు తోముతూ నా వరస ప్రాక్టీస్ చేస్తే మా అబ్బాయి "అమ్మా, ఇది ఏ పాట?" అని అడుగుతాడు. ఒంటరిగా వింటే అది పాటలా అనిపించదు మరి. క్రిస్మస్ పాటలకు మాకు నవంబర్ నుంచే ప్రాక్టీస్ ఉంటుంది. మొదటి వారాలన్నీ ఎవరి వరస వాళ్లకు వేర్వేరుగా నేర్పుతారు. విసుగ్గానే ఉంటుంది. నాలుగో వారమో ఐదో వారమో ఒకరోజు సోప్రానో, ఆల్టో, మగవాళ్ల పై గొంతు టెనార్, కింది గొంతు బేస్, ఈ నాలుగు వరసలనూ మొదటిసారి కలుపుతారు. ఆ సాయంత్రం కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. నెల రోజులుగా నేను పాడుతున్న ఆ మూడు స్వరాలకు అర్థం అప్పుడు తెలుస్తుంది. కింద బేస్, పైన సోప్రానో, మధ్యలో మేము లేకపోతే అక్కడ ఖాళీ. ఒకసారి ఆల్టో వాళ్లం ముగ్గురం జ్వరంతో రాలేదు. ఆ ఆదివారం పాట బోసిగా ఉందని సంఘం పెద్దాయన ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఆయనకు సంగీతం రాదు, ఆల్టో అంటే ఏంటో కూడా తెలియదు.

మన తెలుగు కీర్తనలు కూడా పాడతాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. అవి విడదీయకుండా అందరం ఒకే వరసలో పాడతాం. రెండు రకాలూ నాకు ఇష్టమే.

మీ షాపు సంగతి చూసుకోండి అక్కా. శనివారం సాయంత్రం గిరాకీ ఎక్కువ ఉండే సమయం కదా. ఆ గంటన్నర ఎవరు కూర్చుంటారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. లేకపోతే పాడుతున్నంతసేపూ మనసు షాపు మీదే ఉంటుంది. నేను మొదటి ఏడాది అలాగే సగం సగంగా గడిపాను.

వరంగల్ చౌరస్తా:

ఒక వేరే మాట చెప్పాలి, నిరుత్సాహపరచడానికి కాదు. నేను ఇదే ఊళ్లో ఒక బృందంలో చేరి ఎనిమిది నెలల్లో మానేశాను. మొదట్లో బాగుండేది. తర్వాత వీడియోలు తీసి పెట్టడం మొదలైంది. గొంతు బాగున్న నలుగురిని ముందు నిలబెట్టి మైకులు వాళ్లకే ఇచ్చారు. మిగతా మేమంతా వెనక రంగు చీరల వరసలా నిలబడ్డాం. ఒకరోజు నా ముందున్న మైకు ఆపేసి ఉందని పాట మధ్యలో తెలిసింది. చాలా బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది.

అందుకని మొదటి రోజు వెళ్లినప్పుడు గంటన్నరలో ఎంతసేపు పాడారో, ఎంతసేపు ప్రోగ్రాం గురించి మాట్లాడుకున్నారో గమనించండి. నేర్పేవాళ్లు వెనక వరస దగ్గరికి నడిచి వస్తారా లేదా చూడండి. పైన పెద్దాయన రాసిన మేడమ్ లాంటివాళ్లు దొరికితే వదలకండి. నేను మళ్లీ వెతుక్కుంటున్నాను.

కరీంనగర్ లెక్చరర్:

మేడమ్, శ్రుతి పట్టలేనేమో అన్న మీ భయానికి ఒక చిన్న పరీక్ష. మీకు బాగా తెలిసిన పాటను ఎవరైనా అపశ్రుతిలో పాడితే, అది తప్పని మీకు వెంటనే తెలుస్తుందా? తెలిస్తే మీ చెవి బాగున్నట్టే. స్వరాల మధ్య తేడాను పుట్టుకతోనే గుర్తించలేనివాళ్లు వందలో నలుగురికి మించరు. మిగతావాళ్లకు తప్పేది ఎక్కువగా గొంతు మీద పట్టు దగ్గరే. అది సైకిల్ లాంటిది, తొక్కితే వస్తుంది. ముప్పై ఏళ్లు తొక్కకపోతే రాదు. ఆ టీచర్ మీ చేతిలోంచి సైకిల్ లాగేసుకున్నారు, అంతకుమించి మీ గొంతు గురించి ఆ మాట ఏమీ చెప్పదు. పన్నెండేళ్ల పిల్లకు అలా చెప్పడం నాకు చాలా కోపం తెప్పించింది. నేనూ టీచర్‌నే.

కలిసి పాడితే మనసు తేలికవుతుందనేది ఉత్త మాట కాదు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో, కలిసి పాడేవాళ్ల గుండె వేగం కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని చూపించారు. కారణం ఊపిరి. పాదం చివర గాలి పీల్చుకుంటాం, పాదమంతా మెల్లగా వదులుతాం. గాలి వదిలేటప్పుడు గుండె నెమ్మదిస్తుంది. అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి నెమ్మదిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఇంకో సంగతి రాశారు. పెద్దవాళ్లకు పెట్టిన పాటల తరగతులను, చేతిపనులు, కథలు రాయడం నేర్పే తరగతులతో ఏడు నెలలు పోల్చి చూశారు. చివరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు కుదిరాయి, కానీ పాటల తరగతిలో చాలా తొందరగా కుదిరాయి. పాప హాస్టల్‌కు వెళ్లిందని రాశారు కాబట్టి ఇది మీకు చెప్పాలనిపించింది.

నయీంనగర్ మందుల షాపు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మీ జవాబులన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. భజన సంగతి దగ్గర ఆయన ఆగి, "మా నాయన తాళాలు వేసేవాడు" అన్నాడు. పెళ్లయి ఇరవై ఏళ్లయింది, ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. శనివారం ఆరింటికి తనే కౌంటర్‌లో కూర్చుని నన్ను పంపించాడు.

వెళ్లాను. పందొమ్మిది మంది ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. ముందు పది నిమిషాలు పెదవులు మూసుకుని "మ్" అని మాత్రమే పలికించారు. నోరు తెరవక్కర్లేదు కాబట్టి నాకు హాయిగా అనిపించింది. ముక్కు దగ్గర, పళ్ల దగ్గర చక్కిలిగింతలా మోగింది. తర్వాత ఒక జానపదం నేర్పారు. పక్కన కూర్చున్న ఆమె, కూరగాయల బండి అట వాళ్లది, తన నోట్‌బుక్ నా వైపు జరిపింది. ఒక్కో పాదం ఆవిడ చేతిరాతలో చదువుతూ పాడాను. మొదటి చరణం పెదవులతోనే. అలవాటు అంత తొందరగా పోలేదు. రెండో చరణంలో అందరూ అందుకునే చోట గొంతు దానంతటదే వచ్చింది. మూడో చరణంలో ఒక కొత్త గొంతు వినపడింది. అది నాదేనని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. చిన్నపిల్ల గొంతులా ఉంది. ఏడో తరగతిలో ఆపిన దగ్గరే ఉండిపోయిందేమో అనిపించింది.

నేర్పే సార్ వెనక దాకా నడిచి వస్తున్నారు. చౌరస్తా గారూ, అది ముందే గమనించాను. మీరు కూడా ఒక శనివారం రండి, మా కాలనీ దూరమేం కాదు.

రాత్రి షట్టర్ దించాక పాపకు ఫోన్ చేసి చెప్పాను. "ఏదీ, పాడు" అంది. రోడ్డు మీద నిలబడే రెండు పాదాలు పాడాను.

ఒక సందేహం మిగిలింది, సోమిడి అన్నగారిని అడుగుతున్నాను. నోట్‌బుక్ ఇచ్చిన ఆమె గొంతు చాలా పెద్దది. మంచి గొంతే, కానీ ఆమె ఒక్కోసారి కొంచెం పైకి పోతే నేనూ ఆమె వెంటే పోతున్నాను. సార్ చెయ్యి చూపిస్తే అప్పుడు తెలుస్తోంది. ఆమె పక్క నుంచి లేచి వేరే చోట కూర్చుంటే ఆమె నొచ్చుకుంటుందేమో. ఏం చేయాలి?

సోమిడి లోకో పైలట్ (రిటైర్డ్):

అమ్మా, చదివి చాలా సంతోషించాను. మా ఇంటావిడకు కూడా చదివి వినిపించాను.

ఆమె పక్క నుంచి లేవకండి. నోట్‌బుక్ జరిపిన మనిషి పక్కనే ఉండాలి. మీ కుర్చీ మాత్రం అర జానెడు వెనక్కి లాక్కోండి. ఆమె గొంతు ముందుకు పోతుంది, మీ చెవికి జోరు తగ్గుతుంది. ఆమె వైపున్న చెవి రంధ్రం ముందు ఒక చిన్న మెత్తటి ఎముకలా ఉంటుంది చూడండి, దాన్ని వేలితో మెల్లగా నొక్కి పాడితే మీ గొంతు మీకు లోపలి నుంచి వినపడుతుంది. ఎప్పుడూ నొక్కి ఉంచకండి, దారి తప్పానని అనుమానం వచ్చినప్పుడు మాత్రమే. రెండో చెవి హార్మోనియం వైపు పెట్టండి. ఇంట్లో ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని పొద్దున షాపు తెరిచే ముందు ఐదు నిమిషాలు 'స' పట్టుకుని నిలబడితే, నెల తిరిగేసరికి ఎవరు ఎటు లాగినా మీ స్వరం మీద మీరు ఉంటారు. అప్పుడు ఆమె కూడా మిమ్మల్ని విని దిగొస్తుంది, చూడండి. మా గార్డు గారికీ నాకూ అలాగే కుదిరింది, దానికి ఏడాది పట్టింది.

వచ్చే శనివారం ఎలా జరిగిందో రాయండి. మీ మామగారి తాళాలు ఇంట్లో ఇంకా ఉన్నాయేమో ఒకసారి మీ ఆయనను అడగండి.